దాటని సరిహద్దుకు శిక్ష

శ్రీలంక తమిళుడు ఒకరి కేసులో 2025 మేలో సుప్రీంకోర్టు ధర్మాసనం చేసిన ఒక వ్యాఖ్య దేశమంతా చర్చకు వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చే శరణార్థులందరినీ పెట్టుకోవడానికి భారతదేశం ధర్మశాల కాదని, 140 కోట్ల మందితో మనమే సతమతమవుతున్నామని ధర్మాసనం అంది. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం కింద శిక్ష పడి, జైలు కాలం ముగిశాక తనను తిరిగి పంపొద్దని కోరిన మనిషి కేసు అది. అతని విషయంలో కోర్టు చేసింది తప్పా ఒప్పా అన్నది వేరే సంగతి. ఆ మాట మాత్రం కేసు దాటి బయటికొచ్చింది. శరణార్థుల గురించి ఎవరు ఏం అడిగినా ఇప్పుడు అదే జవాబు. ధర్మశాలకు వచ్చేవాడు ఎక్కడి నుంచో వస్తాడు, రెండు రోజులుండి పోతాడు. రామేశ్వరం పక్కన మండపం శరణార్థి క్యాంపులో పుట్టిన పిల్లవాడు గానీ, హైదరాబాద్ శివారు బాలాపూర్ రోహింగ్యా గుడిసెల్లో పుట్టిన పాప గానీ ఎక్కడి నుంచీ రాలేదు. వాళ్లు కళ్లు తెరిచిందే ఇక్కడ. దేశంలోకి ఎవరిని రానివ్వాలి, ఎవరిని వద్దనాలి అని తేల్చుకునే అధికారం ప్రభుత్వానికి ఉంది, ఉండాలి కూడా. కానీ ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లల హోదాను వాళ్ల తల్లిదండ్రులు ఏ దారిన వచ్చారన్నదాన్ని బట్టి నిర్ణయించడానికి న్యాయమైన కారణం లేదు. అలా నిర్ణయించక తప్పని పరిస్థితి కూడా లేదు.

మన చట్టం మొదటి నుంచీ ఇలా లేదు. 1947 ఏప్రిల్‌లో రాజ్యాంగ సభలో పౌరసత్వం మీద చర్చ జరిగినప్పుడు, పుట్టుకతో వచ్చే పౌరసత్వాన్ని ఇంత ఉదారంగా ఇవ్వడమా అని కొందరు సభ్యులు సందేహపడ్డారు. జాతీయత విషయంలో విశాల దృష్టి, సంకుచిత దృష్టి అని రెండున్నాయని, మనం రెండోదాన్ని ఎంచుకోవడం తగదని సర్దార్ పటేల్ వాళ్లకు జవాబిచ్చారు. ఆ తర్వాత దేశ విభజన జరిగింది, లక్షల మంది వలస వచ్చారు. అయినా 1955 పౌరసత్వ చట్టం, 1950 జనవరి 26 తర్వాత భారత భూమి మీద పుట్టిన ప్రతి బిడ్డనూ పౌరుడిగానే గుర్తించింది. దౌత్యవేత్తల పిల్లల వంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప తల్లిదండ్రులెవరని అడగలేదు. విదేశీయుల వలస మీద అస్సాం ఆందోళన, 1985 అస్సాం ఒప్పందం వచ్చాక కథ మారింది. 1986 సవరణతో, 1987 జూలై 1 నుంచి పుట్టిన బిడ్డకు తల్లో తండ్రో ఒకరు భారత పౌరులై ఉండాలన్నారు. 2003 సవరణ ఇంకా బిగించింది. 2004 డిసెంబర్ 3 నుంచి పుట్టినవాళ్లకు ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. అంటే తల్లి తరతరాలుగా తమిళనాడులో ఉన్న కుటుంబానికి చెందిన భారతీయురాలే అయినా, తండ్రి పత్రాల్లేకుండా పడవలో వచ్చిన శరణార్థి అయితే ఆమె కడుపున పుట్టిన బిడ్డ పుట్టుకతో భారతీయుడు కాడు. ఆడపడుచుల హక్కుల గురించి గంభీరంగా మాట్లాడేవాళ్లు కూడా ఈ నిబంధన జోలికి పోకపోవడం ఆశ్చర్యం.

ఈ తేదీలు మనుషుల జీవితాల్లోకి దిగితే ఏమవుతుందో తమిళనాడు క్యాంపుల్లో కనిపిస్తుంది. 1983 జూలైలో కొలంబోలో తమిళుల ఊచకోత జరిగాక మొదలైన వలస, శ్రీలంక అంతర్యుద్ధం ముగిసేదాకా అలలు అలలుగా సాగింది. వచ్చినవాళ్లలో చాలామంది తిరిగి వెళ్లారు. ఇప్పటికీ దాదాపు 58 వేల మంది వందకు పైగా ప్రభుత్వ క్యాంపుల్లో ఉన్నారు, మరో ముప్ఫై వేల మందికి పైగా పోలీసు స్టేషన్లలో పేర్లు నమోదు చేసుకుని బయట ఉంటున్నారు. 1991లో రాజీవ్ గాంధీ హత్య తర్వాత ఆంక్షలు పెరిగాయి. హాజరు పిలుపులు, క్యూ బ్రాంచ్ పోలీసుల నిఘా, క్యాంపు దాటి రాత్రి బయట ఉండాలంటే అనుమతులు క్యాంపు జీవితంలో భాగమైపోయాయి. 2021లో స్టాలిన్ ప్రభుత్వం వీటికి పునరావాస శిబిరాలని పేరు మార్చి, ఇళ్లకూ సౌకర్యాలకూ 317 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. మంచి పనే. కానీ ఆ కొత్త ఇంట్లో పెరిగే పిల్లవాడు డిగ్రీ పూర్తిచేసినా ప్రభుత్వోద్యోగానికి దరఖాస్తు పెట్టలేడు, పాస్‌పోర్టు రాదు, ఓటు లేదు. వీళ్లలో ఎక్కువమందికి తెలిసిన ఊరు క్యాంపు ఒక్కటే. జాఫ్నా, వవునియా వాళ్లకు నానమ్మ చెప్పిన పేర్లు.

1986లో మండపం క్యాంపులో పుట్టిన ఒక మహిళ పాస్‌పోర్టు కోసం మద్రాసు హైకోర్టు మదురై బెంచికి వెళ్లారు. 1987 జూలైకి ముందు పుట్టారు కాబట్టి ఆమె చట్టప్రకారం పౌరురాలేనని 2022లో కోర్టు తేల్చింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఆమె ఓటు వేశారు. టిబెటన్ల విషయంలోనూ 2010లో ఢిల్లీ హైకోర్టు ఇదే చెప్పింది. గమనించాల్సిందేమిటంటే, ఈ తీర్పులు కొత్త హక్కునేమీ ఇవ్వలేదు. చట్టం పుట్టినరోజునే ఇచ్చినదాన్ని అధికారులు ఇవ్వలేదని మాత్రమే చెప్పాయి. అలా చెప్పించుకోవడానికి ఒక మనిషికి ముప్ఫై ఆరేళ్లు పట్టింది. ఇక ఒకే క్యాంపులో, ఒకే తల్లికి, 1987 జూన్‌లో కూతురు, రెండేళ్ల తర్వాత కొడుకు పుట్టారనుకోండి. అక్క భారత పౌరురాలు, తమ్ముడు అక్రమ వలసదారు. ఇద్దరూ ఒకే బడిలో చదివారు, ఒకే రేషన్ బియ్యం తిన్నారు. వాళ్ల మధ్య తేడా వాళ్లు చేసిన పనిలో లేదు, వాళ్ల తల్లిదండ్రులు చేసిన పనిలోనూ లేదు. ఢిల్లీలో ఒక సవరణ అమలులోకి వచ్చిన తేదీలో ఉంది.

నిజానికి ఆ తమ్ముణ్ణి అక్రమ వలసదారు అనడం చట్టం మాటల్లోనే నిలబడదు. చెల్లుబాటయ్యే పత్రాల్లేకుండా భారతదేశంలోకి ప్రవేశించిన విదేశీయుణ్ణి, లేదా పత్రాలతో ప్రవేశించి గడువు దాటాక ఉండిపోయిన విదేశీయుణ్ణి అక్రమ వలసదారు అంటుంది పౌరసత్వ చట్టం. రెండింటికీ ప్రవేశించడం ఉండాలి. ఇక్కడే పుట్టినవాడు ప్రవేశించిందెప్పుడు? ఇదేదో తమిళుల గొడవ, రోహింగ్యాల గొడవ అనుకునేవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లోనే 2006లో పుట్టిన ఒక అమ్మాయి కేసు చూడాలి. తల్లిదండ్రులు భారత సంతతివాళ్లే, అప్పటికి అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. అమ్మాయి ఇక్కడే పుట్టింది, ఇక్కడే చదివింది. పాస్‌పోర్టు అడిగితే నువ్వు భారతీయురాలివి కావన్నారు. అమెరికా పౌరసత్వమూ ఆమెకు లేదు. ఆమెను అక్రమ వలసదారు అనడం కుదరదని, పౌరసత్వం ఇవ్వాలని 2024లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కేంద్రం ఆమెకు పౌరసత్వమైతే ఇచ్చింది గానీ, ఆ తీర్పులోని వ్యాఖ్యల మీద పై బెంచికి అప్పీలుకు వెళ్లింది. ఒక అమ్మాయికి ఇవ్వడానికి అభ్యంతరం లేదు, ఆ తర్కం మిగతా పిల్లలకు అందడమే ఇబ్బంది. కాబట్టి కోర్టుల వ్యాఖ్యానం మీద ఆధారపడి కూర్చుంటే కుదరదు.

అంతకంటే తిన్నని దారి ఒకటుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పౌరసత్వ చట్టం సెక్షన్ 5లోని నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, ప్రత్యేక పరిస్థితులు ఉన్నాయని కేంద్రం సంతృప్తి చెందితే ఏ మైనరునైనా పౌరుడిగా నమోదు చేయించవచ్చు. అదే సెక్షన్‌లో పెద్దల నమోదు గురించి చెప్పినచోట అక్రమ వలసదారు కాకూడదన్న షరతు ఉంది. మైనర్ల గురించి చెప్పినచోట ఆ షరతు రాయలేదు. మతం ఊసు లేదు, వచ్చిన దేశం ఊసు లేదు, కటాఫ్ తేదీ లేదు. పార్లమెంటు 1986లోనూ 2003లోనూ తలుపులు బిగిస్తున్నప్పుడు కూడా ఈ కిటికీ మూయలేదు. పుట్టిన దేశం తప్ప మరో దేశం చూడని పిల్లవాడి పరిస్థితి ప్రత్యేకం కాకపోతే ఇంకేది ప్రత్యేకం? 1992లో మనం చేరిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక ఏడో అధికరణం, ప్రతి బిడ్డకూ పుట్టగానే నమోదు, పేరు, జాతీయత పొందే హక్కు ఉండాలని, ముఖ్యంగా ఏ దేశానికీ చెందకుండా పోయే బిడ్డల విషయంలో ప్రభుత్వాలు జాగ్రత్తపడాలని చెబుతుంది. 1951 శరణార్థుల ఒప్పందం మీద మనం సంతకం చేయలేదన్న సాకు ఇక్కడ పనికిరాదు. బాలల ఒడంబడిక మనం ఇష్టపడి ఒప్పుకున్నదే.

అభ్యంతరాల్లో బలమైనదాన్ని ముందు తీసుకుందాం. శ్రీలంక తమిళుల పిల్లలకు దేశమే లేదనడం అతిశయోక్తి, శ్రీలంక చట్టం ప్రకారం విదేశంలో పుట్టిన బిడ్డను కూడా పౌరుడిగా నమోదు చేసుకునే వీలుంది, చెన్నైలో వాళ్ల డిప్యూటీ హైకమిషన్ ఉంది, అటే వెళ్లొచ్చు కదా అంటారు. ఇందులో నిజముంది. అలా నమోదైనవాళ్లున్నారు, తిరిగి వెళ్లినవాళ్లున్నారు. వెళ్లాలనుకునేవాళ్లకు దారి సులువు చేయాల్సిందే. అయితే క్యాంపుల్లో ఉన్నవాళ్లంతా ఒకే రకం కాదు. బ్రిటిష్ వాళ్లు తేయాకు తోటల పనికి తీసుకెళ్లిన కూలీల సంతతి, కొండప్రాంతపు తమిళులు, వీళ్లలో వేలమంది ఉన్నారు. సిలోన్ స్వతంత్రం కాగానే వాళ్లకు పౌరసత్వం లేకుండా చేసింది. 1964లో రెండు దేశాల ప్రధానులు శాస్త్రి, సిరిమావో ఒప్పందం చేసుకుని 5,25,000 మందిని భారత్, 3,00,000 మందిని సిలోన్ తీసుకునేలా లెక్క తేల్చారు. మిగిలిన లక్షన్నరను 1974లో ఇందిర, సిరిమావో చెరిసగం పంచుకున్నారు. రెండు ప్రభుత్వాలు కూర్చుని మనుషుల్ని వాటాలు వేసుకున్నాయి, ఆ కాగితాలు అందకుండానే యుద్ధంలో పడవ ఎక్కినవాళ్లున్నారు. అటువంటివాళ్ల దరఖాస్తులను పరిశీలించాలని 2019లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి కేంద్రానికి చెప్పింది. వీళ్ల మనవళ్లను శ్రీలంకకు పొమ్మనడమంటే, మన దేశం సంతకం చేసి తీసుకుంటానన్న బాధ్యతను శ్రీలంకకే తిప్పి అప్పగించడం. మిగతా పిల్లల విషయంలోనూ, కాగితం మీద మరో పౌరసత్వానికి అవకాశం ఉండటం వేరు, అక్కడ బతుకు ఉండటం వేరు. 2025 సెప్టెంబర్‌లో కేంద్రం, 2015 జనవరి 9 లోపు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు పత్రాల్లేవన్న కారణంతో శిక్ష ఉండదని మినహాయింపు ఇచ్చింది. జైలు భయం పోయింది. పౌరసత్వం మాత్రం రాలేదు.

రెండో అభ్యంతరం, ఇక్కడ బిడ్డను కంటే చాలు పౌరసత్వం అని తెలిస్తే సరిహద్దులు ఆగవని. అస్సాంలో ఈ భయం వట్టి రాజకీయం కాదు. భూమి, భాష, ఉపాధి గురించి అక్కడి జనం పడిన ఆందోళనను హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కానీ ఆ భయానికి ఇతర దేశాలు ఏం మందు వేశాయో చూడాలి. బ్రిటన్ 1983లో, ఆస్ట్రేలియా 1986లో, భారత్ 1987లో, అంటే ఇంచుమించు ఒకే కాలంలో, పుట్టుకతోనే పౌరసత్వమన్న పాత సూత్రాన్ని వదిలేశాయి. కారణాలూ దాదాపు అవే. అయితే బ్రిటన్, ఆస్ట్రేలియా రెండూ తమ గడ్డ మీద పుట్టి, మొదటి పదేళ్లూ అక్కడే పెరిగిన బిడ్డకు పౌరసత్వం దక్కేలా ఒక నిబంధన ఉంచుకున్నాయి. బ్రిటన్‌లో ఆ బిడ్డ తల్లిదండ్రులకు వీసా ఉందా లేదా అన్నదాంతో సంబంధం లేదు. ప్రసవానికి సరిహద్దు దాటి వచ్చేవాళ్లకు ఇందులో ఆశపడేదేమీ లేదు, పదేళ్లు ఆగాలి. పదేళ్లు ఇక్కడే చదువుకుని, ఆడుకుని, ఇక్కడి భాషలో కలలుగనే బిడ్డను పరాయి అనడం మాత్రం ఆగుతుంది. మనం ఆ దేశాల దగ్గర తలుపు మూయడం నేర్చుకుని రెండో సగం వదిలేశాం. పిల్లవాడికి వచ్చిన పౌరసత్వం తల్లిదండ్రులకు ఏ హక్కూ ఇవ్వదని చట్టంలోనే రాసుకుంటే, బిడ్డను అడ్డంపెట్టుకుని పెద్దలు పౌరులైపోతారన్న భయానికీ చోటుండదు.

రోహింగ్యాల పేరెత్తగానే భద్రత గురించి అడుగుతారు. మయన్మార్ 1982 పౌరసత్వ చట్టం వాళ్లను తన జాతుల జాబితాలో చేర్చలేదు. 2017లో సైన్యం దాడులతో ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. మన దేశంలో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ దగ్గర ఇరవై వేలకు పైగా నమోదయ్యారు, వాళ్లలో కొన్ని వేలమంది హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నారు. వీళ్ల పిల్లల్ని వెళ్లమనడానికి కాగితం మీద కూడా మరో దేశం లేదు. వీళ్లను తిప్పి పంపడాన్ని ఆపలేమని 2021లో సుప్రీంకోర్టు అంటూనే, సమానత్వం, జీవించే హక్కు పౌరులు కానివారికీ వర్తిస్తాయని గుర్తుచేసింది. 2025 ఫిబ్రవరిలో చదువు విషయంలో ఏ బిడ్డ మీదా వివక్ష ఉండదని చెప్పి, రోహింగ్యా పిల్లలు ప్రభుత్వ బడుల్లో చేరేందుకు వెళ్లొచ్చని, కాదంటే హైకోర్టుకు వెళ్లొచ్చని దారి చూపింది. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ అన్నది, పౌరుల పిల్లలకని అనలేదు. మరి పద్నాలుగేళ్ల దాకా మన ఖర్చుతో చదువు చెప్పి పదిహేనో ఏట నీకు ఇక్కడ చోటులేదనడంలో ఏ భద్రత ఉంది? పెద్దల్లో నేరస్థులుంటే పట్టుకోవడానికి చట్టాలున్నాయి. వాళ్ల మీద కోపాన్ని పిల్లల మీద తీర్చుకోవడం అత్త మీద కోపం దుత్త మీద చూపడమే. పేరూ చిరునామా రికార్డుల్లో ఉన్న పౌరుడికన్నా, ఏ రికార్డులోనూ లేకుండా దొంగ ఆధార్ కోసం దళారీల చుట్టూ తిరిగే కుర్రాడితోనే భద్రతా సంస్థలకు తలనొప్పి ఎక్కువ. 2019 పౌరసత్వ సవరణ చట్టం ఈ సమస్యను తీర్చలేదు. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్ నుంచి 2014 డిసెంబర్ 31 లోపు వచ్చిన ఆరు మతాలవారికే అది వర్తిస్తుంది. శ్రీలంక నుంచి వచ్చిన హిందువుల పిల్లలు కూడా దాని బయటే మిగిలారు.

140 కోట్లున్న పేద దేశం మోయగలదా అన్నది చివరి అభ్యంతరం. ఈ పిల్లల్ని ఇప్పటికే మోస్తున్నాం, అదీ ఖరీదైన పద్ధతిలో. క్యాంపులు నడపడానికి, నెలనెలా భృతి ఇవ్వడానికి, నిఘా పెట్టడానికి డబ్బు ఖర్చవుతోంది. ఆ కుర్రవాడికి ఉద్యోగం చేసుకునే వీలిస్తే పన్ను కడతాడు. మన నేలకు ఇది కొత్తేమీ కాదు. 1962లో నె విన్ సైనిక పాలన వచ్చాక బర్మా నుంచి లక్షల మంది భారతీయులు గెంటివేతకు గురయ్యారు, వాళ్లలో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ కాందిశీకులకు చోటిచ్చిన విశాఖపట్నంలో బర్మా క్యాంపు పేరు ఇంకా ఉంది, అక్కడి పిల్లల్ని పరాయివాళ్లని ఎవరూ అనరు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు కాగజ్‌నగర్ ప్రాంతంలో వ్యవసాయం చేసుకుంటూ స్థిరపడ్డాయి. వీళ్లు నిలదొక్కుకోవడానికి కారణం మన మంచితనం ఒక్కటే కాదు, ప్రభుత్వం వాళ్లకు కాగితాలిచ్చింది.

ఈ చర్చలో తెలుగువాళ్లకు ప్రత్యేకంగా మరో పట్టింపు కూడా ఉండాలి. 2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు, తల్లి తాత్కాలిక వీసా మీదో పత్రాల్లేకుండానో ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో కాకపోతే వాళ్లకు పుట్టే బిడ్డకు పౌరసత్వం లేదంది. హెచ్-1బీ మీదున్న వేలాది తెలుగు కుటుంబాలు ఉలిక్కిపడ్డాయి. కోర్టులు వెంటనే అమలును అడ్డుకున్నాయి. ఆ కోర్టులకు ఆసరాగా నిలిచింది 1898లో ఒక చైనా దంపతుల కొడుకు గెలుచుకున్న తీర్పు. అతని తల్లిదండ్రులు అమెరికా పౌరులు కాలేరని అప్పటి చట్టమే చెప్పింది, అయినా శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన కొడుకు అమెరికనేనని సుప్రీంకోర్టు తేల్చింది. మనవాళ్లు వీసాతో చట్టబద్ధంగా వెళ్లారు, వీళ్లు పడవల్లో వచ్చారు, పోలికేమిటని అడగొచ్చు. పెద్దల విషయంలో ఆ తేడా నిజమే. కానీ ట్రంప్ ఉత్తర్వు మనకు అన్యాయంగా తోచింది ఎందుకు? తల్లిదండ్రుల వీసా కాలపరిమితిని, ఏ వీసా అడగని పసిబిడ్డకు అంటగట్టినందుకే కదా. డల్లాస్‌లో అన్యాయమైనది బాలాపూర్‌లో న్యాయమెలా అవుతుంది?

పౌరసత్వం కేంద్రం చేతిలోని విషయం, నిజమే. పదేళ్ల నిబంధనకు పార్లమెంటు సవరణ కావాలి. ఆశ్రయం మీద ఒక చట్టం కావాలని శశి థరూర్ 2015లో ప్రైవేటు బిల్లు పెట్టారు, అది ముందుకు కదల్లేదు కాబట్టి దీనికీ ఎంతకాలం పడుతుందో ఊహించుకోవచ్చు. ఈలోగా చేయగలిగినవి ఉన్నాయి. 1987 జూలైకి ముందు క్యాంపుల్లో పుట్టినవాళ్ల జాబితా తమిళనాడు పునరావాస శాఖ దగ్గరే తయారుకావచ్చు. వాళ్లలో ఒక్కొక్కరూ ఒక్కో రిట్ పిటిషన్ వేయాల్సిన పనిలేకుండా పాస్‌పోర్టు కార్యాలయాలకు కేంద్రం ఒక ఆదేశమిస్తే సరిపోతుంది. ఇక్కడే పుట్టి పదేళ్లు నిండిన మైనర్లను ప్రత్యేక పరిస్థితుల కింద నమోదు చేస్తామని సెక్షన్ 5(4) మీద ఒక మార్గదర్శకం జారీ చేయడానికి కేంద్ర హోంశాఖకు కొత్త చట్టం అక్కర్లేదు. 2023 సవరణ తర్వాత, ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకు బడి నుంచి ఓటు దాకా జనన ధ్రువపత్రమే మూలపత్రం. దాన్ని ఇవ్వాల్సింది స్థానిక రిజిస్ట్రార్, అంటే రాష్ట్ర యంత్రాంగం. తల్లిదండ్రుల పౌరసత్వంతో జనన నమోదుకు సంబంధం లేదు. బాలాపూర్‌లో, చుట్టుపక్కల బస్తీల్లో పుట్టిన ఒక్క బిడ్డ కూడా నమోదు కాకుండా మిగలకుండా తెలంగాణ ప్రభుత్వం చూడగలదు. పదేళ్ల తర్వాత ఏ ఢిల్లీ అధికారైనా నువ్వు ఇక్కడే పుట్టావనడానికి రుజువేదని అడిగితే, ఆ బిడ్డ చూపించాల్సింది ఆ ఒక్క కాగితమే.